పక్కవాద్యానికి కూర్చోబోయే వయొలినిస్టుకు

వర్ణాలు, కృతులు శుభ్రంగా వాయించగలిగిన వాళ్లు కూడా మొదటిసారి పక్కవాద్యానికి, అంటే గాయకుడికి తోడుగా వాయించడానికి, కూర్చుంటే తడబడతారు. లోపం వేళ్లలో ఉండదు. ఇంట్లో సాధనంతా తనకు అలవాటైన శ్రుతిలో (ఆధార స్వరస్థాయిలో), తనకు నప్పిన కాలప్రమాణంలో (వేగంలో) సాగి ఉంటుంది. వేదిక మీద శ్రుతి గాయకుడిది, కాలప్రమాణం గాయకుడిది. ఏ కృతి ఎత్తుకుంటారో కూడా చాలాసార్లు ఆ క్షణం దాకా తెలియదు. కాబట్టి సన్నాహమంతా ఆ మూడింటి చుట్టూ ఉండాలి.

శ్రుతి, తీగలు

కచేరీ ఒప్పుకోగానే అడగాల్సిన మొదటి ప్రశ్న "మీ శ్రుతి ఎంత?" అన్నదే. తాంబూలం (పారితోషికం) సంగతి తర్వాత.

మన కర్ణాటక పద్ధతిలో నాలుగు తీగలూ స-ప-స-ప (షడ్జం, పంచమం). లావుగా ఉండే నాలుగో తీగ మంద్ర షడ్జం, మూడోది మంద్ర పంచమం, రెండోది మధ్య షడ్జం, అన్నిటికన్నా సన్నదైన మొదటిది మధ్య పంచమం. దుకాణంలో దొరికే తీగలు మాత్రం పాశ్చాత్యుల జి-డి-ఏ-ఇ స్థాయికి తయారైనవి. చిక్కంతా ఇక్కడే ఉంది. అయిదు శ్రుతి (షడ్జం జి దగ్గర) పాడే గాయనికి వాయిస్తే తీగలు జి-డి-జి-డి అవుతాయి. లావు తీగలు రెండూ ఉన్నచోటే ఉంటాయి, సన్న తీగలు రెండేసి స్వరస్థానాలు (సెమిటోన్లు) దిగుతాయి. పెద్ద ఇబ్బంది లేదు. ఒకటి శ్రుతి (షడ్జం సి దగ్గర) గాయకుడైతే సి-జి-సి-జి. అప్పుడు లావు తీగలు ఏడేసి, సన్న తీగలు తొమ్మిదేసి స్వరస్థానాలు దిగాలి. అంత వదులైన తీగ మీద కమాను (తీగ మీద లాగే విల్లు) కాస్త ఒత్తితే చాలు, స్వరం పైకి జారుతుంది. గట్టిగా వాయిస్తే తీగ ఫింగర్ బోర్డుకు (వేళ్లు పెట్టే పలకకు) తగిలి బరబరమంటుంది. తన చెవిలోనే ఏదో లోపం ఉందని విద్యార్థి బాధపడతాడు గానీ, లోపం తీగ బిగువులో ఉంటుంది.

దీనికి మందు వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) తీగలు. వాటి సహజ స్థాయి సి-జి-డి-ఏ కనుక లావు తీగలు రెండింటినీ దించనక్కర్లేదు, మిగతా రెండూ రెండేసి స్థానాలు దిగితే సరిపోతుంది. పెద్దసైజు వయొలిన్ మీద నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (తీగల్ని ఎత్తి నిలిపే చెక్క) దాకా తీగ పొడవు 33 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, వయోలా మీద అంతకన్నా ఎక్కువ. అందుచేత బిగువు కొంత తగ్గుతుంది, అయినా మామూలు తీగల కన్నా నయం. లావు తీగ నట్ గాడిలో ఇమడదు. గాడిని వెడల్పు చేయించండి, లోతు చేయించవద్దు. లోతైతే మళ్లీ అదే బరబర. గాయకులకూ గాయనులకూ తరచూ వాయించేవాళ్లు రెండు వయొలిన్లు ఉంచుకోవడమే మంచిది. ఒకే వాద్యాన్ని ఈ వారం ఒకటికి దించి, వచ్చే వారం అయిదున్నరకు ఎక్కిస్తుంటే అది ఏ శ్రుతిలోనూ కుదురుగా నిలవదు.

తీగలు ఒక్కొక్కటిగానే మార్చాలి. నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడిపోతుంది. లోపల నిలబడే చిన్న కర్ర, సౌండ్ పోస్టుకు జిగురు ఉండదు, ఒత్తిడి మీదే నిలుస్తుంది కాబట్టి అదీ జారుతుంది. దాన్ని నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు. కొత్త తీగ మూడు నాలుగు రోజులు సాగుతూనే ఉంటుంది, అందుకే కచేరీ ముందురోజు మార్చకూడదు. బాగున్న పాత తీగల్ని పారేయకుండా పెట్టెలో ఉంచుకోండి. అవి ఇప్పటికే సాగి ఉంటాయి గనుక కచేరీ మధ్యలో తీగ తెగితే కొత్తదాని కన్నా త్వరగా కుదురుకుంటాయి. శ్రుతి చేసిన ప్రతిసారీ బ్రిడ్జి ఫింగర్ బోర్డు వైపు కొద్దిగా వాలుతుంది. టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు కట్టే పట్టీ) వైపున్న దాని ముఖం నిటారుగా ఉందో లేదో చూసి, రెండు చేతుల వేళ్లతో మెల్లగా సరిచేయాలి.

విశాఖ, కాకినాడల్లాంటి తీరం ఊళ్లలో తేమకు బిరడాలు (తీగల్ని బిగించే తిప్పుడు కొయ్యలు) బిగుసుకుపోతాయి. ఏసీ హాల్లోకి వెళ్లగానే అవే జారతాయి. జారే బిరడాకు కాస్త సుద్దపొడి, బిగుసుకున్నదానికి ఎండు సబ్బు పూత. హాలుకు గంట ముందే చేరి, పెట్టె తెరిచి వాద్యాన్ని ఆ చల్లదనానికి అరగంట అలవాటు పడనిచ్చి, ఆ తర్వాత శ్రుతి చేయండి.

చేయి, కమాను

మన వయొలిన్ తల కుడి పాదం మీద, మడమకు దగ్గరగా ఆనుతుంది. రెండో కొస ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య నిలుస్తుంది. ఈ రెండు ఆనుల మీదే వాద్యం కదలకుండా ఉండాలి. బరువులో ఏ కొంచెమో ఎడమ బొటనవేలు మోస్తే జారుగమకాలు మధ్యలో ఆగిపోతాయి. పరీక్ష తేలిక: ఎడమ చేయి పూర్తిగా తీసేసి కమానుతో రెండో తీగ మీద షడ్జం సాగదీయండి. వయొలిన్ కదిలితే కూర్చున్న తీరు మార్చుకోవాలి.

వేళ్లు జారడానికి కొబ్బరినూనె రాసుకునేవాళ్లున్నారు. ఒక చుక్క ఎడమచేతి వేలికొసలకే. అది కమాను వెంట్రుకలకు అంటితే తీగ మీద పట్టు పోతుంది, ఎంత రోజిన్ (కమానుకు పట్టునిచ్చే గుగ్గిలం ముద్ద) రుద్దినా ఆ చోట నాదం పలకదు. రోజిన్ కూడా రోజూ నాలుగైదు సార్లు పైకీ కిందికీ రుద్దితే చాలు. తీగల కింద తెల్లపొడి పేరుకుందంటే ఎక్కువైనట్టే.

సాహిత్యం తెలిసి వాయించడం

కమాను ఎక్కడ తిప్పాలో చెప్పేది సాహిత్యం. త్యాగరాజ కృతులు దాదాపు అన్నీ తెలుగులో ఉన్నాయి కనుక ఇది తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన సౌకర్యం. దాన్ని వాడుకోని వాళ్లను చూస్తే జాలేస్తుంది. "రామచంద్రుని" అన్న మాటలో కమాను "చం" దగ్గర తిరగవచ్చు. "రా" మీద పోయి "మచం" అంటూ తిరిగితే మాట ముక్కలవుతుంది. ప్రతి కృతినీ ముందు పాడాలి, పదచ్ఛేదం గుర్తుపెట్టుకోవాలి, అప్పుడే కమాను పట్టాలి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డుల్లో పొడవైన కమాను మీద గాత్రం వినిపిస్తున్నట్టే ఉంటుంది. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1941లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఆయన వయొలిన్ సోలో కచేరీకి గౌరవం తెచ్చారు.

చేతికి రోజువారీ పని: భైరవి అట తాళ వర్ణం ఒకే కాలప్రమాణం మీద మూడు కాలాల్లో (ఒక్కో కాలానికి వేగం రెట్టింపు). మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. మూడో కాలంలో కమాను చిన్నదవ్వాలే గానీ ఒత్తిడి పెరగకూడదు.

వేదిక మీద

సాధారణంగా వయొలిన్ గాయకుడికి ఎడమవైపు, మృదంగం కుడివైపు. మృదంగం కుడి ముఖం శ్రోతల వైపు ఉండాలి గనుక ఈ ఏర్పాటు. మార్దంగికుడు ఎడమచేతివాటం అయితే స్థానాలు మారతాయి, ఆ సంగతి ముందే కనుక్కోండి.

ఆలాపనలో (తాళం లేకుండా రాగాన్ని విస్తరించే భాగంలో) గాయకుడి వెనకాలే, అర అడుగు దూరంలో నడవాలి. ప్రతి సంగతినీ (ఆయన పాడిన ప్రతి రాగపు పలుకునూ) తిరిగి పలికించడం కాదు. ఆయన ఆగిన స్వరం దగ్గర మీరూ నిలబడి, ఊపిరి తీసుకునే ఖాళీని నింపాలి. మీ వంతు వచ్చాక ఆయన తీసుకున్న సమయంలో సగం వాడుకుంటే మర్యాద. ఆయన పెద్దగా ముట్టని రాగభాగాన్ని మీరు విప్పి చూపించడం వేదిక మీద ఎవరికీ నచ్చదు, అదెంత బాగున్నా సరే.

స్వరకల్పనలో (అప్పటికప్పుడు స్వరాలు అల్లే భాగంలో) ముందు ఎత్తుగడ (పాట తాళంలో మొదలయ్యే చోటు) ఎక్కడుందో పట్టండి: సమంలోనా (తాళం మొదటి దెబ్బ మీదేనా), అరలోనా, ముప్పావులోనా. ఆయన ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడితే మీరూ ఒకటే. ఆఖరి ముక్తాయి (ముగింపు అల్లిక) మూడుసార్లు వచ్చేదైతే మొదటి రెండుసార్లు అంకెలు లెక్కపెట్టుకుని మూడోసారి కలవండి. తప్పు లెక్కతో గట్టిగా వాయించడం కన్నా ఆ కొద్దిసేపు మౌనం మేలు.

తెలియని కృతి వస్తే సంగతుల జోలికి పోకుండా రాగఛాయను, తాళం దెబ్బల్ని పట్టుకుని మెల్లగా నడవండి. పల్లవి మూడోసారి తిరిగేసరికి నడక చిక్కుతుంది.

కాంటాక్ట్ మైకు వాడితే వయొలిన్ నాదం గొంతును మింగేస్తుంది. సౌండు చూసేవారితో మానిటర్‌లో గాత్రం, తంబురా ఎక్కువగా, మీ వాద్యం తక్కువగా పెట్టమని అడగండి. తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) సమయంలో వయొలిన్ ఒళ్లో పెట్టుకుని తాళం వేయండి. శ్రుతి సరిచూసుకోవాలంటే వేలితో మీటి, చెవికి దగ్గరగా వినండి.

రేడియో, ప్రయాణం

ఆకాశవాణి ఆడిషన్‌లో బి, బి-హై, ఏ, ఏ-టాప్ అని శ్రేణులు. గ్రేడు వస్తే సభల పిలుపులు తేలికవుతాయి.

విమానంలో వయొలిన్ మీతోపాటు క్యాబిన్‌లోనే ఉండాలి. తీగలు ఒక స్వరం మేర వదులు చేయండి, పూర్తిగా విప్పవద్దు. కచేరీ అయ్యాక రోజిన్ పొడిని మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, కమాను మరను వెంట్రుకలు వాలే దాకా తిప్పి, అప్పుడే పెట్టె మూయండి. బిగువుతో వదిలేసిన కమాను కొద్దికాలానికే వంపు కోల్పోతుంది.