హూవర్ డ్యామ్ కింద కయాక్‌లో ఒక రాత్రి క్యాంపింగ్

లాస్ వేగాస్ దగ్గరున్న తెలుగువాళ్ళు ఈ ట్రిప్ తప్పకుండా చెయ్యాలండి. కొలరాడో నది మీద, బ్లాక్ కాన్యన్ అనే లోయలో డ్యామ్ కింద నుంచి విల్లో బీచ్ దాకా కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) 12 మైళ్ళు, డ్యామ్ దగ్గర నీళ్ళలోకి దిగాలంటే పర్మిట్ ఉన్న ఔట్‌ఫిటర్ (ఇలాంటి ట్రిప్‌లు ఏర్పాటు చేసే సంస్థ) ద్వారానే వెళ్ళాలి కాబట్టి ముందు ఆ బుకింగ్ చూసుకోండి. ఎండాకాలం వద్దే వద్దు.

రాత్రికి అరిజోనా హాట్ స్ప్రింగ్స్ దగ్గర ఆగొచ్చు, కానీ ఆ వేడినీళ్ళలో తల ముంచొద్దు, మెదడుని తినే అమీబా ప్రమాదం ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే నది రాత్రికి రాత్రే పెరుగుతుంది, ఇసుక మీద వదిలేసిన కయాక్ పొద్దున్నకి ఉండదు, పైకి లాగి బండకి తాడుతో గట్టిగా కట్టండి, తెడ్లు కూడా. టెంట్ కూడా ఎత్తులోనే, వానొచ్చే సూచనుంటే వాగుల్లో అస్సలొద్దు. నది నీళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, లైఫ్ జాకెట్ తియ్యకండి. తాగేనీళ్ళు మనిషికి రోజుకి 4 లీటర్లు, పోర్టబుల్ టాయిలెట్ కూడా పట్టుకెళ్ళండి. మధ్యాహ్నం ఎదురుగాలి లేస్తుంది, తెల్లారగానే బయల్దేరిపోండి.