కరెంటు పోయినా నేల తడవని అక్వేరియం సంపు

చేపల తొట్టి కింద సంపు, అంటే నీళ్లను వడగట్టే రెండో తొట్టి, పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు ఏ మోటారు కొనాలని అడుగుతారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: కరెంటు పోతే పై తొట్టిలోంచి ఎన్ని లీటర్లు కిందికి దిగుతాయి? ఆ లెక్క తేలాకే పైపు కోయండి.

పద్ధతి సులువే. పై తొట్టిలో దిగే పైపు మూతిని దాటిన నీళ్లు వాటంతటవే సంపులోకి దిగుతాయి. అక్కడ స్పాంజి, సిరామిక్ రింగుల మీదుగా చివరి గదికి చేరతాయి. మోటారు వాటిని మళ్లీ పైకి ఎక్కిస్తుంది.

ఇప్పుడు లెక్క. తొట్టి పొడవు 90 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ. అనుకుందాం. మోటారు ఆగాక మట్టం 3 సెం.మీ. తగ్గినా 12 లీటర్లకు పైగా కిందికి వచ్చేస్తాయి. పైపుల్లో ఉన్నవి అదనం. సంపు నడుస్తున్నప్పుడు కనీసం అంత ఖాళీ ఉండాలి. నేనైతే రెట్టింపు వదులుతాను.

మట్టం 3 సెం.మీ. దగ్గరే ఆగుతుందని ఏమిటి నమ్మకం? మోటారు ఆగగానే నీళ్లు పైకి ఎక్కే పైపులోంచే వెనక్కి దిగిపోతాయి. దాని మూతి తొట్టి అడుగున ఉంటే దాదాపు తొట్టంతా ఖాళీ అవుతుంది. అందుకే మూతి నీటి పైమట్టానికి కాస్త కిందే ఉండాలి. లేదా ఆ ఎత్తులో పైపుకు 4 మి.మీ. రంధ్రం వేయాలి. మట్టం తగ్గగానే అందులోంచి గాలి దూరి ధార తెగిపోతుంది. అద్దం తుడిచినప్పుడల్లా ఆ రంధ్రాన్నీ చూడండి, నాచు పడితే మూసుకుపోతుంది. నీళ్లను ఒకవైపే వదిలే నాన్ రిటర్న్ వాల్వ్ పెడితే చాలదా అంటారు. చిన్న చెత్త ఇరుక్కున్నా అది కారుతుంది, నేను దాన్ని నమ్మను.

నీళ్లు దిగడానికి తొట్టికే రంధ్రం చేసి, పైపును తొట్టికి కలిపే ట్యాంక్ నిపుల్ బిగించడం నాకిష్టం. అయితే టఫెన్డ్ గ్లాసును (వేడితో గట్టిపరిచిన గాజును) తొలిస్తే మొత్తం ముక్కలైపోతుంది, ముందే కనుక్కోండి. మామూలు గాజైతే డైమండ్ బిట్‌తో, నీళ్లు పోస్తూ, గట్టిగా నొక్కకుండా తొలవాలి. అంచు మీదుగా వంపు పైపు వేసే పద్ధతీ ఉంది. దాని వంపులో గాలి చేరితే ధార ఆగిపోతుంది, మోటారు మాత్రం ఎక్కిస్తూనే ఉంటుంది.

దిగే పైపు ఎక్కే పైపుకన్నా లావుగా ఉండాలి. గడగడ శబ్దం నిద్ర చెడగొడుతుంటే దిగే పైపు తలమీద T ఆకారపు పైపు ముక్క, దానిపైన చిన్న రంధ్రమున్న ఎండ్ క్యాప్ పెట్టండి. చేపలు దూరకుండా మూతికి జాలీ తప్పనిసరి.

పై కొలతలకు ఎత్తు కూడా 45 సెం.మీ. అయితే, రాళ్లూ ఇసుకా పోను 150 లీటర్ల నీళ్లు పడతాయి. గంటకు ఐదుసార్లు తిరగాలంటే 750 లీటర్లు కావాలి. డబ్బామీద పెద్దగా రాసేది ఎత్తు లేనప్పటి లెక్క. మీ పైపు ఎంత ఎత్తుకు ఎక్కుతుందో కొలిచి, ఆ ఎత్తులో 750 ఇచ్చే మోటారు తీసుకోండి. ఎక్కువైతే ఎక్కే పైపుమీది వాల్వ్ తిప్పి తగ్గించుకోవచ్చు. బెట్టా లాంటి చేపకు ప్రవాహం పడదు, ధారను అద్దం వైపు తిప్పండి.

సంపులో గదుల మధ్య అద్దాలకు ఫంగస్ మందు కలవని సిలికాన్ వాడి, 48 గంటలు ఆరనివ్వండి. మోటారు వైరు ప్లగ్గుకన్నా కిందికి వేలాడి పైకి వెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్కలు ప్లగ్గులోకి పోవు.

చేపలు లేకుండా, పగటిపూట రెండు పరీక్షలు చేయండి. మొదట ప్లగ్గు పీకి, నీళ్లు దిగడం ఆగేదాకా చూడండి. సంపు పొంగకపోతే మళ్లీ నడిపించి, చివరి గదిలో నిలిచిన మట్టం దగ్గర గీత గీయండి. ఆ గీత దాటి ఎప్పుడూ నింపొద్దు. తర్వాత మోటారు నడుస్తుండగా దిగే పైపును మూసేయండి. తొట్టి పొంగకముందే చివరి గది ఖాళీ అయి మోటారు గాలి పీల్చాలి, వెంటనే ఆపేయండి. తొట్టే ముందు పొంగబోతే చివరి గది పెద్దదైందన్నమాట. అడ్డం పెట్టి దాన్ని చిన్నది చేయండి.

ఇక చేపలు. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రింగులమీద కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల్ని ఒకటీ రెండూగా వదలండి. స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి కింద కడగొద్దు, నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.