పిల్ల కార్న్ స్నేక్ తిండి ముట్టట్లేదా? ఇలా ట్రై చేయండి

కార్న్ స్నేక్ అంటే అమెరికాలో ఇళ్ళలో పెంచుకునే విషం లేని పాము. ముచ్చటపడి చూపుడువేలంత కూడా లావు లేని దాని పిల్లని తెచ్చుకుంటే, అదేమో ముందు పెట్టిన ఎలుకపిల్లని ఒకసారి వాసన చూసి పక్కకి జరిగి వెళ్ళిపోతే ఎవరికైనా కంగారే. మేం డల్లాస్‌లో ఉంటాం, మా వాడు గోల చేసి కొనిపించిన పాముతో మాకూ ఇదే అయింది, ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ "పోనీ నాలుగు చుక్కలు పాలు పొయ్యరాదురా" అంది. పాలు మాత్రం పొయ్యకండి, పాములకి అవి అరగవు, నాగుల చవితి సంగతి వేరు.

అసలు ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే ఇవి గుడ్డులోంచి రాగానే తినవు. పొట్టలో మిగిలిన పచ్చసొనతోనే వారం పది రోజులు లాగించేస్తాయి, ఆ తర్వాత మొదటి కుబుసం విడుస్తాయి, ఆకలి మొదలయ్యేది అప్పుడే. అందుకే కుబుసం విడిచిందా, ఇప్పటికి ఎన్నిసార్లు తింది, బతికున్నది పెట్టారా ఫ్రోజెన్‌ది పెట్టారా అని అమ్మినవాళ్ళని అడగండి. రెండు మూడు సార్లు తిన్న పిల్లనే కొనుక్కోవాలి అసలు, మేం అడగలేదు, మా తప్పే.

స్టెప్ 1, దాని ఇల్లు చూడండి. తిండి జోలికి వెళ్ళకముందే వేడి సరిచూసుకోవాలి, ఒక పక్క 85 నుంచి 88 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో పక్క 75 నుంచి 78 దాకా ఉండాలి. వేడి చాలకపోతే తిన్నది అరగదు, ఆకలీ వెయ్యదు. డబ్బా కింద పెట్టే హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్ (వేడి మితిమీరకుండా చూసేది) తప్పనిసరి, చేత్తో తాకి చూసి బానే ఉందిలే అనుకోవద్దు. పెద్ద గ్లాస్ ట్యాంక్‌లో పడేస్తే పిల్లపాము భయపడిపోతుంది, షూ బాక్స్ సైజు ప్లాస్టిక్ డబ్బా చాలు, దాక్కోవడానికి చిన్న గూడు లాంటిది రెండు పక్కలా ఒక్కోటి పెట్టండి. ఇక తెచ్చిన దగ్గర్నుంచి వారం పాటు చేతిలోకి తీసుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో కష్టమైన స్టెప్ ఇదే.

స్టెప్ 2, పింకీ పెట్టడం. పింకీ అంటే ఇంకా వెంట్రుకలు రాని చిట్టెలుక పిల్ల, ఉన్నవాటిలో చిన్నది తీసుకోండి. ఫ్రోజెన్‌ది రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి కరగనిచ్చి, పెట్టబోయే ముందు జిప్ కవర్‌లో వేసి వేడినీళ్ళలో ఉంచండి, ముట్టుకుంటే గోరువెచ్చగా తగలాలి, మైక్రోవేవ్ వద్దు, పగులుతుంది. టిష్యూతో తడి తుడిచి చీకటి పడ్డాక పెట్టండి, ఇవి తిరిగేది ఆ టైంలోనే. పెట్టేసి లైట్ తీసేసి వెళ్ళిపోండి! మేం మొదటిసారి ముగ్గురం ఫోన్లు పట్టుకుని వీడియో కోసం నిలబడ్డాం, అది ఎందుకు తింటుంది చెప్పండి.

స్టెప్ 3, చిన్న డబ్బా. గాలికి చిల్లులు పెట్టిన పెరుగు డబ్బా లాంటిదాంట్లో కొంచెం టిష్యూ, పామూ, పింకీ మాత్రమే ఉంచి మూతపెట్టి అది ఉండే పెద్ద డబ్బాలోనే రాత్రంతా వదిలేయండి, హీట్ మ్యాట్‌కి నేరుగా పైన మాత్రం పెట్టొద్దు. ఇరుకులో ఉంటే వాటికి ధైర్యం, మొండి పిల్లలు చాలా దీంతోనే దారిలోకొస్తాయి.

స్టెప్ 4, వాసన. ఫ్లోరిడా వైపు అడవుల్లో ఈ పాముల పిల్లలు మొదట తినేది ఎలుకల్ని కాదు, అనోల్ అనే చిన్న తొండల్ని, చెట్టుకప్పల్ని. అంటే మనం పెట్టే పింకీ దానికి తిండిలాగా అనిపించట్లేదన్నమాట, అలిగి కాదు. మొదట పింకీని వాసన లేని సబ్బుతో కడిగి బాగా నీళ్ళు పోసి పెట్టి చూడండి. కుదరకపోతే దాని తలమీద సూదితో గుచ్చి కొంచెం మెదడు బయటికొచ్చేలా చేస్తారు, చూడ్డానికి రోతగానే ఉంటుంది కానీ పనిచేస్తుంది. అదీ కాకపోతే అనోల్‌కి పింకీని రుద్దాలి, అది వదిలిన చర్మం ముక్క అంటించినా సరే. పెరట్లో పట్టిన తొండని తిండిగా పెట్టకండి, పురుగులుంటాయి. మా పాము ఐదోసారి, అనోల్ వాసన ప్లస్ చిన్న డబ్బా, పొద్దున్నే చూస్తే పింకీ లేదు, పొట్ట దగ్గర ఉబ్బు ఉంది, మా ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. తర్వాత ప్రతిసారీ ఆ వాసన కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి.

ఇవన్నీ ఒకే రోజు చేసెయ్యకండి. ఒక ట్రైకి ఇంకో ట్రైకి 5 నుంచి 7 రోజులు గ్యాప్, ఒక్కోసారి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలీదు. గ్రాముల్లో చూపించే కిచెన్ స్కేల్ ఒకటి దానికోసమే కొని వారానికోసారి బరువు రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే కొన్ని వారాలు తినకపోయినా ఆగొచ్చు. తగ్గుతూ పోతున్నా, వెన్నెముక గీతలా పైకి కనిపిస్తున్నా, చర్మం ముడతలు పడుతున్నా పాముల్లాంటి సరీసృపాలు చూసే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. నోట్లో బలవంతంగా కుక్కడం మీరు సొంతంగా చెయ్యొద్దు, లోపల చిరిగితే అంతే సంగతులు.

పింకీల కోసం ఫ్రీజర్‌లో మూతున్న డబ్బా వేరేగా పెట్టండి, వంటింటి సింక్‌లో కడగొద్దు, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకుంటుంది. ఇంకోటి, ఇది చదివి ఇండియాలో ఎవరూ జెర్రిపోతు పిల్లని పట్టుకొచ్చి పెంచకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇక్కడ అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కూడా కార్న్ స్నేక్ అక్కడి సొంత పామే కాబట్టి ఇంట్లో పెట్టుకోనివ్వరు, అట్లాంటా వాళ్ళు గుర్తుపెట్టుకోండి.

తిన్నాక 48 గంటలు ముట్టుకోవద్దు. కక్కేస్తే వెంటనే ఇంకోటి పెట్టకుండా 10 నుంచి 14 రోజులు కడుపుకి రెస్ట్ ఇచ్చి, ఆ లోపు వేడి ఇంకోసారి చెక్ చేసి, ఈసారి ఇంకా చిన్న పింకీతో మొదలెట్టండి.