పట్టేసిన నట్టు విరగకుండా ఊడాలంటే

చెన్నైకి ఉత్తరాన పొన్నేరి, పులికాట్ వైపు సముద్రపు గాలి తగిలే పొలాల్లో ఆరుబయట వదిలేసిన ట్రాక్టరు కల్టివేటరుకు తుప్పు తొందరగా పడుతుంది. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది. నట్టుకీ బోల్టుకీ నడుమ మరల్లో ఉండే సన్నని సందు దాంతో పూడుకుపోతుంది. పానాకి పైపు తొడిగి లాగితే నట్టు కదలదు, బోల్టే తెగుతుంది.

ముందు వైర్ బ్రష్‌తో బయటి మరలు మెరిసేదాకా రుద్దండి. మట్టి ఉంటే నూనె లోపలికి దిగదు. పవర్ స్టీరింగ్‌లో పోసే ఏటీఎఫ్ నూనె సగం, అసిటోన్ సగం తీసుకోండి. అవి విడిపోతుంటాయి, పోసే ముందు ప్రతిసారీ కుదపాలి. రేకు డబ్బాలోనే కలపండి, నిప్పు దగ్గర పెట్టొద్దు. అది లేకుంటే డీజిల్ చాలు, కాకపోతే ఆలస్యమవుతుంది. పొద్దునా సాయంత్రమూ పోసి, నట్టు ఆరు ముఖాల మీదా అరకిలో సుత్తితో తట్టండి. ఎదురుగా బరువైన ఇనుము ఆనించాలి. ఆ అదురుకే తుప్పు చిట్లి నూనె దిగుతుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టాల్సిందే.

తర్వాత ఆరు మూలల సాకెట్ వేయండి, పదహారు మిల్లీ బోల్టుకు సాధారణంగా 24 నంబరు. పన్నెండు మూలలదైతే తుప్పుతో అరిగిన నట్టు మీద జారుతుంది. ముందు కొంచెం బిగించే వైపు తిప్పండి. "టిక్"మని చిన్న చప్పుడు వస్తే పట్టు వదిలినట్టే. అప్పుడు పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, నూనె పోసి మళ్లీ విప్పండి. పానా తిరుగుతున్నా నట్టు పట్టు వదలక, చేతికి స్ప్రింగులా సాగుతున్నట్టు తెలిస్తే ఆపేయండి. తెగే ముందు బోల్టు అలాగే ఉంటుంది.

ట్రాక్టరుకీ పనిముట్టుకీ నడుమ పైన ఉండే కడ్డీ, టాప్ లింకులో ఒక చివర ఎడమ మర ఉంటుంది, అది మామూలు దానికి ఎదురు వైపు విప్పుకుంటుంది. మరల వాలు చూడకుండా తిప్పితే ఇంకా బిగుస్తుంది.

అప్పటికీ రాకపోతే నూనె పూర్తిగా తుడిచి ఆరనిచ్చి, గ్యాస్ టార్చ్‌తో నట్టునే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చండి, బోల్టును కాదు. ఎరుపు తగ్గాక మరల అంచుకు కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుంటుంది. బేరింగులు, ఆయిల్ సీళ్లు, హైడ్రాలిక్ పైపులు, టైర్లు పక్కనుంటే వేడి పెట్టొద్దు. జింకు పూత ఉన్న బోల్టు కాలితే వచ్చే పొగ పీల్చకూడదు. వేడెక్కిన పోత ఇనుము మీద నీళ్లు పోస్తే పగులుతుంది.

నట్టుతో పాటు ఎర్రగా కాలిన బోల్టు మళ్లీ వాడకండి, బలం తగ్గుతుంది. తల మీద బలం గుర్తుగా 8.8 అని ఉన్న కొత్తది తెచ్చి, మరలకు గ్రీజు రాసి ఎక్కించండి.