మాస్టరింగ్‌ను చెవితో తూచడం – 4వ పాఠం: ముందు మోతను సమం చేయండి

గత పాఠంలో ఒకే పాటకు చెందిన మిక్స్‌నూ (గొంతు, వాద్యాలు అన్నీ కలిపిన రూపం), మాస్టరింగ్ అనే తుది మెరుగు పూర్తయిన ఫైలునూ, అంటే మాస్టర్‌నూ విని, ఏది మేలో రాయమని అడిగాను. విజయవాడ, గుంటూరుల నుంచి సమాధానాలు పంపినవారిలో ఎక్కువమంది రెండోదే నిండుగా ఉందన్నారు. నిజానికి దానిలో నేను కావాలనే లిమిటర్‌ను (ధ్వని ఒక హద్దు దాటకుండా అణచే సాధనాన్ని) మితిమీరి బిగించాను. డప్పు దెబ్బల మొన విరిగింది, పల్లవికీ చరణానికీ మధ్య ఉండవలసిన ఎత్తుపల్లాలు చదునైపోయాయి. మోతను సమం చేసి వినమని నేను చెప్పకపోవడం వల్లనే ఇది జరిగింది కనుక, ఈక్వలైజర్ (మంద్ర, తార ధ్వనుల పాళ్లు మార్చే సాధనం) పాఠాన్ని వాయిదా వేసి ఈ ఒక్క విషయమే చెబుతాను.

చెవి అన్ని మోతల వద్ద ఒకే తీరుగా వినదు. ధ్వని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన కొలతల ప్రకారం, మోత తగ్గేకొద్దీ మంద్ర ధ్వనులు మిగిలినవాటికంటే ఎక్కువగా మరుగున పడతాయి. అందుకే కాస్త పెద్దగా మోగిన ఫైలు మనకు పెద్దదిగా కాక, మెరుగైనదిగా తోస్తుంది.

‘రెండింటి పీక్ మైనస్ 1 డెసిబెల్ దగ్గరే ఉంది, కాబట్టి సమం చేసినట్టే’ అని కొందరు రాశారు. నన్ను అన్నిటికంటే బాధించే పొరపాటు ఇదే. పీక్ అనేది క్షణకాలపు అత్యున్నత స్థాయి మాత్రమే. మోత అనేది పాట పొడవునా చెవికి అందే సగటు. ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలోని ‘నార్మలైజ్’ పీక్‌నే సరిచేస్తుంది, ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ వేరు. మీరు చూడవలసింది మోతను కొలిచే అంతర్జాతీయ ప్రమాణమైన బీఎస్ 1770ను అనుసరించే మీటరులోని ఇంటిగ్రేటెడ్ అంకె, అంటే పాట మొత్తానికి వచ్చే సగటు మోత. మిక్స్ మైనస్ 17 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ మోతకు కొలమానం, ఒక్కో అంకె ఒక డెసిబెల్), మాస్టర్ మైనస్ 8 ఉంటే, పీకులు ఒకటే అయినా తేడా 9 డెసిబెల్స్. అప్పుడు మాస్టర్‌నే 9 తగ్గించాలి. మిక్స్‌ను పెంచితే అది పగులుతుంది. స్పాటిఫై కూడా సాధారణ అమరికలో పాటలను మైనస్ 14కు తెస్తుంది కనుక ఆ మాస్టర్ అక్కడ 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది, విరిగిన డప్పు మొన మాత్రం అలాగే మిగులుతుంది.

సమం చేశాక దెబ్బ మొదలయ్యే క్షణాన్నీ, ‘స, శ’ల పదునునూ, వేణువు ఆగిన తరువాత మిగిలే గది ప్రతిధ్వనినీ వినండి. మా గది ఏలూరు రోడ్డును ఆనుకుని ఉండటం వల్ల నేను తెల్లవారుజామున, చిన్న స్పీకరు మీద, తగ్గు స్థాయిలో వింటాను, హెడ్‌ఫోన్ చివరికే.

అభ్యాసం: సమం చేసిన రెండు ప్రతులను ఇంట్లోవారి చేత మీకు తెలియని వరుసలో 10 సార్లు వేయించుకుని, ప్రతిసారీ ఏది మాస్టరో కాగితంపై రాయండి. ఊహతోనే 9 లేదా 10 సరిగా పలికే అవకాశం సుమారు నూటికి ఒకటి కనుక, 9 వచ్చేదాకా రోజుకొకసారి చేయండి. 9 వచ్చాకే, మీకు ఏది మేలని తోచిందో కారణంతో సహా రాసి పంపండి.