యాక్షన్ పాటలతో వాక్యం – నాలుగో పాఠం: బండమీది ఇల్లు ఎందుకు కూలింది?

బైబిలు వచనాన్ని కదలికలతో పాడించి పిల్లలకు కంఠతా పట్టించే సండే స్కూలు టీచర్లందరికీ వందనాలు. ఈసారి పెద్దపిల్లలకు పాట నేర్పడం గురించి చెబుతానన్నాను. అది వాయిదా వేస్తున్నాను. మూడో పాఠంలో ఇచ్చిన మత్తయి 7:25 (వాన, వరద, గాలి కొట్టినా బండమీద కట్టిన ఇల్లు పడలేదని యేసుప్రభువు చెప్పిన వచనం) అభ్యాసం చేసి మీరు పంపిన వీడియోలు చూశాక ఇంకో దారి లేదనిపించింది. దాదాపు అందరి సండే స్కూళ్లలోనూ బండమీద కట్టిన ఇల్లు కూలిపోయింది.

కనిగిరి వైపు నుంచి వచ్చిన వీడియోలో పిల్లలు ఎంత ముద్దుగా చేశారో. వానకు వేళ్లు ఆడించారు, వరదకు చేతులు పైకి లేపారు, గాలికి ఊగారు. చివర్లో "అది పడలేదు" అని పాడుతూ అందరూ దబ్బున చాప మీద పడ్డారు. లేచి "మళ్లీ టీచర్, మళ్లీ" అన్నారు. అల్లూరు పిల్లలూ అంతే. సింగరాయకొండ వాళ్లయితే పడేటప్పుడు డ్రమ్ము కూడా కొట్టించారు.

పిల్లలు వచనం తప్పు చెప్పలేదు. నోరు "పడలేదు" అంది, ఒళ్లు మాత్రం పడింది. వారం తర్వాత వాళ్లకు గుర్తుండేది ఒళ్లు చేసిందే. నమ్మకం కుదరకపోతే వచ్చే ఆదివారం పాట ఎత్తకుండా, "బండమీద కట్టిన ఇల్లు ఏమైందిరా?" అని అడిగి చూడండి.

బాణీ ఎంచుకోవడం, పిల్లల గొంతుకు తగ్గ శ్రుతిలో ఎత్తుకోవడం మీకు వచ్చినవే, వాటి జోలికి పోను. మీరు కుడిచెయ్యి ఎత్తితే ఎదురుగా ఉన్న పిల్లలు ఎడమచెయ్యి ఎత్తే సంగతి రెండో పాఠంలో అయిపోయింది. ఈ పాఠమంతా ఒక్క విషయమే: కదలిక ఏ మాట మీద పడాలి?

తెలుగులో వాక్యం అర్థం తేలేది చివర్లో. ఇల్లు పడిందా లేదా అన్నది ఆఖరి మాట దాకా వింటే గానీ తెలియదు. మన చేతులకు అంత ఓపిక లేదు. వినపడిన మొదటి బొమ్మను పట్టుకుంటాయి. "పడ" అనగానే పడిపోతాయి, "లేదు" అనేసరికి ఆట అయిపోయి ఉంటుంది. ఆ "లేదు"లోనే వచనమంతా ఉంది. యేసుప్రభువు బండమీది ఇల్లు, ఇసుకమీది ఇల్లు రెండింటికీ వాన, వరద, గాలి సమానంగానే చెప్పాడు. తేడా వచ్చింది చివరి మాటలోనే. ఆ మాటకు యాక్షన్ లేకపోతే పిల్లవాడు నేర్చుకున్నది తుపాను పాట, అంతే.

ఇది ఒక్క వచనంతో పోయేది కాదు. కీర్తన 23:1 తీసుకోండి. "నాకు లేమి కలుగదు" దగ్గర చాలామంది జేబులు బయటికి లాగి ఖాళీ చేతులు చూపిస్తారు. పిల్లలకు అది భలే నచ్చుతుంది. కానీ అక్కడ చూపించినది లేమి, వచనం చెప్పేది లేమి కలుగదని. సామెతలు 3:5 ఇంకా ఘోరం. "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్నచోట ప్రతి టీచరూ వేలితో కణత మీద కొట్టుకుంటారు. చూసే పిల్లవాడికి అదేమిటి? స్కూల్లో మాస్టారు "బుర్ర వాడరా" అంటూ చేసే సైగ! వచనం సొంత తెలివిని ఆనుకోవద్దంటుంటే మన వేలు దానికి ఎదురు చెబుతోంది. ఎఫెసీ 6:1కి ఈ గొడవ లేదు, "విధేయులైయుండుడి" అనే మాట నేరుగా ఉంది. అలాంటివి ఎలా చేసినా ఫర్వాలేదు. "లేదు, కలుగదు, చేసికొనక, పడకుము" ఉన్నచోటే ఈ గుంట. పాట ఎంచుకోగానే మొదట వాటి కింద పెన్సిలుతో గీత గీయండి.

అలాగని భయం, ఏడుపు, పడిపోవడం ఎప్పుడూ చూపించకూడదని కాదు. కీర్తన 56:3లో "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని ఉంది. అక్కడ భయం నిజంగానే వచ్చింది. వణకనివ్వండి, బాగా వణకనివ్వండి. ఆ వణుకు "ఆశ్రయించుచున్నాను" దగ్గర ఆగాలి, అంతే.

ఇక మత్తయి 7:25 సరిచేద్దాం. ముందు వచనాన్ని ఇలా విరవండి:

వాన కురిసెను
వరదలు వచ్చెను
గాలి విసిరి ఆ యింటిమీద కొట్టెను గాని
దాని పునాది బండమీద వేయబడెను గనుక
అది పడలేదు

"గాని", "గనుక" వాటి వరుస చివరే ఉండాలి. పిల్లలు వాటిని లాక్కెళ్లి తర్వాతి వరుస ముందు పెడతారు. అప్పుడు ఎందుకు పడలేదన్న జవాబు పోతుంది. నాలుగో వరుస పొడుగు. దానికి రాగం కట్టకండి, తాళం మీద మాటల్లా అనిపించండి. బాణీలో ఇమడలేదని కొందరు "గనుక" తీసేశారు. బాణీనే మార్చుకోండి, వచనం మీద చెయ్యి వేయొద్దు. "కురిసెను"ను "కురిసింది" చేయడమూ వద్దు. ఇంట్లో బైబిలు తెరిచినప్పుడు అదే మాట కనపడాలి.

కదలికలు నాలుగే. వానకు వేళ్లు. వరదకు మోకాళ్ల దగ్గర నుంచి నడుము దాకా లేచే చేతులు. గాలికి పక్కకు ఊగడం. "పునాది" అన్నప్పుడు రెండు పాదాలూ ఎడంగా పెట్టి నేలను ఒకసారి గట్టిగా తొక్కడం. ఇక "అది పడలేదు"కు కొత్త యాక్షన్ పెట్టకండి. ఊగిన పిల్లలు నిటారుగా బిగుసుకుని నిలబడాలి. అప్పటిదాకా కదిలినవాళ్లు టక్కున ఆగిపోవడమే అక్కడి యాక్షన్. నేను సుద్దముక్కతో నేల మీద ఒక్కో పిల్లవాడికీ ఒక గుండ్రం గీసి "ఇది నీ బండ" అంటాను. గీత దాటితే అవుట్. దీనికి మించిన సామాను అక్కర్లేదు. బ్లూటూత్ స్పీకరు, ట్రాకు (ముందే రికార్డు చేసిన సంగీతం) నాకు గిట్టవు. ట్రాకు పిల్లల కోసం ఆగదు. చేత్తో వాయించే కంజిర ఆగుతుంది.

నిలబడటం పిల్లలకు చప్పగా ఉంటుందని భయపడేవాళ్లకు ఒక చిట్కా. పాటకు ముందు మన మాటల్లోనే అడగండి: "వానొచ్చింది, ఇల్లు పడిందా?" "పడలా!" "వరదొచ్చింది, పడిందా?" "పడలా!" "గాలి కొట్టింది, పడిందా?" "పడలా!" గొంతు చించుకుని అరుస్తారు. ఆ అరుపు వేడి మీదే పాట ఎత్తుకోండి. నాలుగైదేళ్ల పిల్లలకు ఈ "పడలా", వాన వేళ్లు, నిలబడటం చాలు. మధ్యలోవి అక్కలు, అన్నలు చేస్తుంటే చూస్తారు.

పడే సరదా మాత్రం 27వ వచనానికి దాచండి. అక్కడ ఇసుకమీది ఇల్లు "కూలబడెను". అప్పుడు ఎంత పడినా తప్పులేదు. అయితే రెండు వచనాలూ ఒకే ఆదివారం వద్దు. మధ్యలో వారం గడవాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇసుకను వివరించే పనే లేదు, చీమకుర్తిలో బండను వివరించే పని లేదు. మీ పిల్లలకు ఏది తెలియదో దానికే కాస్త టైము ఇవ్వండి. కావలి చుట్టుపక్కల వాళ్లయితే 1989 నవంబరు తుపాను చూసిన పెద్దావిడ ఎవరైనా సంఘంలో ఉంటే ఐదు నిమిషాలు మాట్లాడించండి. మీ చార్టు కంటే మేలు.

చార్టు అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. పాడేటప్పుడు గోడ మీద వచనం రాసి పెట్టొద్దు. చదవడం వచ్చిన పిల్లలు దాన్ని చదువుతారు, కంఠతా పట్టరు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గరి వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అక్షరం రానివాళ్లే ఎక్కువ. వాళ్లకు వాక్యం చెవి నుంచి నోటికే వచ్చింది.

కొందరికి ఇంకో తలనొప్పి. "మందిరంలో ఈ గంతులేంటమ్మా" అని సంఘ పెద్ద ఒకరు అన్నారట. వాదించకండి. ఇశ్రాయేలీయులకు కీర్తన నేర్పమని దేవుడే మోషేకు చెప్పిన ద్వితీయోపదేశకాండము 31:19, మోషే అక్క మిర్యాము తంబుర పట్టుకున్న నిర్గమకాండము 15:20 చూపించి, ఆయన్నే ఆదివారం వచ్చి కూర్చోమనండి. సినిమా స్టెప్పులు మాత్రం నిజంగానే తీసేయండి. అందులో ఆయన మాటే రైటు.

పాట వచ్చేశాక యాక్షన్లు ఒక్కొక్కటిగా విప్పాలి. మొదట అన్నీ కలిపి. తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని నోటితో మాత్రమే. తర్వాత నోరు మూసి చేతులతో మాత్రమే. ఆఖరున రాగం కూడా లేకుండా, మామూలుగా మాట్లాడినట్టు వచనం, రిఫరెన్స్ (అధ్యాయం, వచనం నంబర్లు). ఇక్కడికి రాకపోతే పిల్లలకు పాట వచ్చినట్టు, వచనం రానట్టు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. యెహోషువ 1:9 నుంచి "నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము, దిగులుపడకుము జడియకుము" తీసుకోండి. దిగులు, భయం మొహంలో గానీ చేతుల్లో గానీ ఎక్కడా కనపడకూడదు. కదలికలు మూడు దాటకూడదు. ఒక చిన్నపిల్లకు, ఒక పన్నెండేళ్ల పిల్లవాడికి వేర్వేరుగా నేర్పండి. పెద్దపిల్లలకు సిగ్గు, వాడు చెయ్యనంటాడు. వాడి చేతికి కంజిర ఇచ్చి తాళం బాధ్యత వాడిదే అనండి. వారం తర్వాత ఇద్దరూ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో చేతులు వెనక్కి కట్టుకుని వచనం అప్పజెప్పాలి. ఆవిడ "జడియకుము అంటే ఏంది?" అని అడగాలి, అలా అడగమని ఆవిడకు ముందే చెప్పి పెట్టండి. పిల్లలు ఏం జవాబు చెప్పారో రెండు లైన్లు రాసి పంపండి. వీడియోలు వద్దు.