క్లయింటు మాట మీకు అందిందని ఆయనకు తెలియాలంటే

బెంగళూరులో ఇల్లు కట్టుకోవాలని వచ్చే తెలుగు కుటుంబానికి ప్లాను గీసే ఆర్కిటెక్టు అయినా, ఆదాయపు పన్ను లెక్కలు చూసే ఆడిటరు అయినా, ఆస్తి పత్రాలు పరిశీలించే న్యాయవాది అయినా తాను క్లయింటు మాట శ్రద్ధగానే వింటున్నానని అనుకుంటారు. క్లయింటుకు మాత్రం ఆ నమ్మకం కలగదు, ఎందుకంటే విన్నారనడానికి ఆయన చేతికి ఆధారమేదీ రాదు. తల ఊపడం, "అర్థమైందండి" అనడం ఆధారాలు కావు. తాను చెప్పిన సంగతి తన మాటల్లోనే ఆ సాయంత్రం వచ్చిన సందేశంలోనో, పది రోజుల తర్వాత వచ్చిన డ్రాయింగులోనో కనిపించినప్పుడు, కుదరనిది ఎందుకు కుదరలేదో దాని పక్కనే రాసి ఉన్నప్పుడు ఆయన మనసు కుదుటపడుతుంది. ఈ పని ఎలా చేయాలో ఇళ్ల ప్లాన్ల వృత్తి నుంచి ఉదాహరణలు తీసుకుని వివరిస్తాను. మిగతా సలహా వృత్తుల వారు తమ పనికి తగినట్టు మార్చుకోవచ్చు.

మొదటి సమావేశం

మొదటిసారి కూర్చున్నప్పుడు ల్యాప్‌టాప్ మూసి ఉంచండి. మీరు కట్టించిన ఇళ్ల ఫొటోలు ముందే చూపిస్తే, వచ్చినవారు తమ ఇంటి గురించి చెప్పడం మానేసి, మీరు చూపినవాటిలో ఏది బాగుందో ఎంచుకోవడం మొదలుపెడతారు. "ఎన్ని బెడ్‌రూములు కావాలి?" అని అడిగితే ఒక అంకె మాత్రమే వస్తుంది. "ఇప్పుడు ఉంటున్న ఇంట్లో పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఎలా గడుస్తుందో చెప్పండి" అని అడిగితే, భార్యాభర్తలిద్దరూ ఒకే సమయంలో ఆఫీసు కాల్స్‌లో ఉంటారని, పిల్లవాడు డైనింగ్ టేబుల్ మీదే చదువుకుంటాడని, ఏటా వేసవిలో ఊరి నుంచి వచ్చే ఆవకాయ జాడీలకు చోటు లేదని, అమ్మగారు మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేరని ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ప్లానుకు కావలసినవి ఇవే.

ఇలా చెప్పనిస్తే గంటలు గడిచిపోతాయన్న భయం చాలామందికి ఉంటుంది. ఈ విషయాన్ని వైద్యరంగంలో జాగ్రత్తగా కొలిచి చూశారు. 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 74 సంప్రదింపుల రికార్డింగులు పరిశీలించి, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్లు సగటున 18 సెకన్లకే అడ్డుపడుతున్నారని చూపారు. 2002లో స్విట్జర్లాండ్‌లో 335 మంది రోగులను మధ్యలో ఆపకుండా మాట్లాడనిచ్చినప్పుడు వారు సగటున 92 సెకన్లలోనే ముగించారు. 78 శాతం మందికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇల్లు జీవితకాలపు పొదుపుతో ముడిపడినది కాబట్టి మన క్లయింట్లు అంతకంటే ఎక్కువే మాట్లాడతారు. అయినా మొదటి పది నిమిషాలు వారికి వదిలేస్తే, తర్వాత డ్రాయింగులు మూడుసార్లు తిరగరాసే అవసరం తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆయన ఆగినప్పుడు మీరు వెంటనే అందుకోకండి. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకరు మాట ముగించడానికీ మరొకరు మొదలుపెట్టడానికీ మధ్య ఉండే విరామం సాధారణంగా సెకనులో ఐదో వంతు. అంత తక్కువ వ్యవధికి అలవాటు పడిన మనకు మూడు సెకన్ల మౌనం చాలా పొడవుగా తోస్తుంది, కానీ క్లయింటు చెప్పాలా వద్దా అని లోపల తూచుకుంటున్న మాట సాధారణంగా ఆ మూడు సెకన్లలోనే వస్తుంది. లేచే ముందు "ఇంకేమీ లేవు కదా?" అని అడగవద్దు, ఆ ప్రశ్నకు మర్యాదస్తులు "లేవండి" అనే అంటారు. "ఇంకా కొన్ని మనసులో ఉండే ఉంటాయి, అవీ చెప్పండి" అంటే, దారిలో అనుకుని వచ్చి మరిచిపోయినవి గుర్తుకొస్తాయి.

అడిగిన ప్రశ్న, దాని వెనక ఉన్న భయం

ఒకే ప్రశ్న రెండోసారి, మూడోసారి వచ్చిందంటే మీ జవాబు సరిపోలేదని అర్థం. దీనికి బెంగళూరులో సంపు (నేల కింద కట్టే నీళ్ల తొట్టి) కంటే మంచి ఉదాహరణ లేదు. "సంపు ఎన్ని లీటర్లు పడుతుంది?" అని క్లయింటు అడుగుతారు, ఇంజనీరు ఒక అంకె చెబుతాడు, కాసేపటికి, ఎలివేషన్ (ఇంటి ముందు భాగం రూపు) గురించి మాట్లాడుతుండగా, మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. 2024 వేసవిలో నగరంలో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక గడిపిన కుటుంబమైతే వారికి కావలసింది ఆ అంకె కాదు. నీళ్లు రాని రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుందో తెలిస్తేనే వారికి ధైర్యం వస్తుంది. అప్పుడు "నీళ్ల విషయంలో మీరు ఇబ్బంది పడ్డట్టున్నారు, ఏం జరిగిందో చెప్పండి" అని అడిగి, పూర్తిగా విని, ఆ తర్వాత లెక్కలోకి దిగాలి: ఇంట్లో ఎంతమంది, రోజుకు ఎంత ఖర్చు, ఎన్ని రోజుల నిల్వ ఉంటే వారికి నిద్ర పడుతుంది, అద్దెకిచ్చే పోర్షన్లకు వేరే ట్యాంకు ఉండాలా, వాన నీటిని సంపులోకి ఎలా మళ్లించాలి. 30×40 అడుగుల సైటులో కొత్తగా కట్టే ఇంటికి వాన నీటి సేకరణ ఎలాగూ తప్పనిసరే. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు అందించే కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది కాబట్టి, వారి సైటు ఆ ప్రాంతంలో ఉంటే, వారి వీధికి పైపు వచ్చిందో లేదో మీరే కనుక్కుని చెప్పండి. వారి భయాన్ని మీరు గుర్తించారనడానికి ఆ కనుక్కోవడమే నిదర్శనం.

వాస్తు విషయంలోనూ ఇదే పద్ధతి. తేలిగ్గా నవ్వేయడం అవమానం. అన్నిటికీ ముందే సరేనని తర్వాత ప్లానులో వదిలేయడం అంతకంటే చెడ్డది. ఈశాన్యం, ఆగ్నేయం, సింహద్వారం, మెట్ల దిక్కు వంటివాటిలో వారు ఎంతమాత్రం వదులుకోలేనివి ఏవో, వీలైతే చాలు అనుకునేవి ఏవో, ఇంట్లో వాటిని పట్టించుకునేది ఎవరో అడిగి వరుసగా రాసుకోండి. పట్టింపు ఉన్న మనిషితో నేరుగా మాట్లాడనిదే ఆ చర్చ తెగదు.

గదిలో ఉన్న అందరి మాట

ఇంటి పనికి ఒక్కరే రావడం అరుదు. అనంతపురం నుంచో, నెల్లూరు నుంచో వచ్చిన మామగారు పొలం అమ్మిన డబ్బు పెడుతుంటారు. కొడుకు బ్యాంకు లోను తెస్తుంటాడు. వంటిల్లు ఎక్కువగా వాడే కోడలు పెద్దల ముందు నోరు విప్పకుండా కూర్చుంటుంది. ఎక్కువ మాట్లాడినవారి మాటే కుటుంబం మాటగా రాసుకుంటే, గృహప్రవేశం తర్వాత ఆ ఇంట్లో అసంతృప్తి మిగిలిపోతుంది. ముందు పెద్దాయనను గౌరవంగా అడగండి, ఆయన చెప్పింది పూర్తిగా వినండి, ఆ తర్వాత కోడలి వైపు తిరిగి "మేడమ్, వంట చేసేటప్పుడు ఇప్పుడున్న గదిలో మీకు అడ్డం వచ్చేది ఏమిటి?" అని ఆవిడ మాత్రమే చెప్పగల ప్రశ్న వేయండి. పెద్దల ఎదుట అభిప్రాయం అడిగితే తటపటాయించే మనిషి కూడా అనుభవం అడిగితే చెబుతుంది. పిలుపుల్లోనూ జాగ్రత్త అవసరం. వాళ్లంతట వాళ్లు చనువు ఇవ్వనిదే పెద్దాయనను "అంకుల్" అనకండి. "సార్" అనో, పేరుకు "గారు" చేర్చో పిలవడం మేలు.

మనవాళ్లలో "మీ ఇష్టం, మీకు తెలియనిదా" అన్న మాటను అంగీకారంగా తీసుకోవద్దు. వద్దని మొహం మీద చెప్పలేనప్పుడు అనే మాట అది. "చూద్దాం లెండి" కూడా చాలాసార్లు అంతే. అలాంటప్పుడు రెండు దారులు గీసి ఎదురుగా పెట్టి, "ఈ రెండింటిలో ఏదో ఒకటి తీసేయాలంటే దేన్ని తీసేస్తారు?" అని అడిగితే, కాదనే బరువు వారి మీద పడకుండానే మనసులో మాట తెలుస్తుంది.

భాష, కొలత

బెంగళూరు తెలుగువారందరిదీ ఒకే తెలుగు కాదు. తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం కన్నడలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. కాబట్టి రాతపూర్వకంగా పంపేది ఏ లిపిలో కావాలో మొదటి రోజే అడగండి. చదవడానికి ఇబ్బంది పడే పెద్దలకు అదే విషయాన్ని వాయిస్ మెసేజ్‌గా పంపండి.

కొలతల్లో అపార్థం ఇంకా సులువు. ఇక్కడి కాంట్రాక్టరు చదరానికి ఇంత అని రేటు చెబుతాడు. అతని లెక్కలో చదరం అంటే 100 చదరపు అడుగులు. గుంటూరు నుంచి వచ్చినవారు గజాల్లో, కడప నుంచి వచ్చినవారు సెంట్లలో ఆలోచిస్తారు. 30×40 సైటు 1200 చదరపు అడుగులని అందరూ వింటారు గానీ, అది 133 గజాల పైచిలుకనీ, రెండు ముప్పావు సెంట్లనీ చెబితేనే కొందరి కళ్లకు కడుతుంది. గది కొలతలు చెప్పేటప్పుడు టేపు తీసి, మీరు కూర్చున్న గదిలోనే 10 అడుగులు ఎంతవరకు వస్తుందో చూపించండి.

ఆ సాయంత్రమే రాసి పంపాల్సింది

అన్నిటిలోకి నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఈ పనికే. సమావేశం అయిన రోజే, మరుసటి రోజుకు వాయిదా వేయకుండా, ఒక పేజీకి మించని సందేశం పంపండి. మీరు చెప్పినవి, మేము చేయబోయేవి, ఇంకా తేలనివి అని అందులో మూడు భాగాలు ఉండాలి. మొదటి భాగంలో వృత్తి పరిభాషలోకి మార్చకుండా వారి మాటలే ఉంచాలి. "పెద్దవారికి అనుకూలమైన గ్రౌండ్ ఫ్లోర్ బెడ్‌రూమ్" అని రాస్తే అది ఎవరి ఇంటికైనా సరిపోతుంది. "అమ్మగారు రాత్రి రెండుసార్లు లేస్తారు, లైటు వెతుక్కోకుండా బాత్‌రూముకు వెళ్లగలగాలి అన్నారు" అని రాస్తే అది వారి ఇల్లు. చివర "నేను తప్పుగా అర్థం చేసుకున్నది ఉంటే దిద్దండి" అని అడిగి, దిద్దుబాటు వస్తే ఆ మార్పుతో అదే సందేశాన్ని మళ్లీ పంపండి. మొదటి డ్రాయింగు మీద ఆయా గదుల పక్కన ఈ మాటలనే చిన్న అక్షరాలతో రాయండి, ఎందుకంటే లైన్లు, కొలతలు చదవలేనివారు కూడా తమ మాటను గుర్తుపడతారు.

ఆడిటరు ఇదే పద్ధతిలో "ఊళ్లో ఇల్లు అమ్మిన డబ్బు ఏ ఖాతాలో వేశారో ఇంకా తేలలేదు" అని రాయవచ్చు. న్యాయవాది "పంపకం గురించి చెల్లెలిగారితో మాట్లాడాక చెబుతామన్నారు" అని రాయవచ్చు.

కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు

కాంపౌండు గోడ దాకా గది జరపమని అడిగే క్లయింట్లు తప్పక వస్తారు. "రూల్స్ ఒప్పుకోవు" అని ఒక్క ముక్కలో కొట్టేస్తే, మీరు వినలేదనే అనుకుంటారు. ముందు వారి అవసరాన్ని వారికంటే స్పష్టంగా చెప్పండి: "పెళ్లికీ పండక్కీ అందరూ వస్తే హాల్లో పదిహేను మంది కూర్చోవాలన్నది మీ కోరిక." తర్వాత కారణం చెప్పండి: సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ నిబంధనల ప్రకారం వదలాల్సిన ఖాళీ స్థలం) వదలకపోతే మంజూరైన ప్లానుకు విరుద్ధమవుతుంది, పక్కింటివారు ఫిర్యాదు చేయవచ్చు, గాలీ వెలుతురూ పోతాయి. ఆ పైన ప్రత్యామ్నాయం చూపండి: హాలుకూ డైనింగుకూ మధ్య గోడ తీసేయడమో, మడత తలుపులు పెట్టడమో. ఈ వరుస మారితే, అంటే కారణం ముందుకొచ్చి అవసరం వెనక్కి పోతే, అవే మాటలు తిరస్కారంలా వినిపిస్తాయి.

క్లయింటు కోపంగా ఫోను చేసినప్పుడు సంజాయిషీతో మొదలుపెట్టకండి. మేస్త్రీ రాలేదు, ఇసుక దొరకలేదు అన్నవి నిజాలే కావచ్చు, కానీ శుభలేఖలు అచ్చు వేయించుకుని కూర్చున్న మనిషికి అవి తర్వాతి సంగతులు. ఆయన ముగించేదాకా విని, నష్టాన్ని ఆయన వైపు నుంచి పలికి, ఏ పని ఏ తేదీకి పూర్తవుతుందో చెప్పి, ఆ తేదీన మీరే ఫోను చేయండి. ఆ ఫోను చేయకపోతే అంతకుముందు విన్నదానికి విలువ ఉండదు.

గుట్టు, ఆ తర్వాతి సందర్శన

మనసు విప్పి మాట్లాడేవారు అప్పుల సంగతి, అన్నదమ్ముల తగాదాలు, ఆరోగ్యం కూడా చెబుతారు. క్లయింటు రహస్యాలను కాపాడే బాధ్యతను న్యాయవాదులకు భారతీయ సాక్ష్య అధినియమం 2023, చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నాటి చట్టం నిర్దేశిస్తున్నాయి. అలాంటి ప్రత్యేక నిబంధన లేని వృత్తుల వారూ దాన్ని స్వచ్ఛందంగా పాటించాలి. సంభాషణను రికార్డు చేయాలంటే ముందు అడగండి, వద్దంటే చేతితో రాసుకోండి. కాంట్రాక్టరు, కార్పెంటరు ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇంటి ఆర్థిక విషయాలు, ఆరోగ్య విషయాలు పెట్టకండి.

ఇల్లు అప్పగించాక, ఒక వానాకాలం గడిచిన తర్వాత, బిల్లుతో సంబంధం లేకుండా ఒకసారి వెళ్లండి. మొదటి రోజు పంపిన సందేశం ప్రింటు తీసి వెంట తీసుకెళ్లి, అందులోని ఒక్కొక్క మాటనూ చూపిస్తూ "ఇది మీరు అనుకున్నట్టే వచ్చిందా?" అని అడగండి. ఎక్కడ నీరు దిగుతోందో, ఏ గది వాడకుండా వదిలేశారో, ఏ స్విచ్చు చేతికి అందడం లేదో రాసుకుని, సరిచేయగలిగినవాటికి మనిషిని పంపే తేదీని అక్కడే చెప్పి రండి.